ఆస్ట్రేలియా జీవశాస్త్రవేత్త ఎలెన్ క్లార్క్ జంతుజాతులకు పెట్టిన పేర్లలో కొన్ని నిలవలేదు. అయినా ఆమెను మార్గదర్శి అనాలా?

ఏటిగట్టు:
ఆస్ట్రేలియా మంచినీటి క్రేఫిష్‌ల (డెక్కలుండే, రొయ్యల్లాంటి జీవుల) మీద ఎలెన్ క్లార్క్ 1936లో రాసిన వ్యాసాన్ని ఇక్కడ అందరూ మెచ్చుకుంటున్నారు. నా అభ్యంతరం ఒక్కటే. డిస్ట్రక్టర్, అల్బిడస్ అని ఆవిడ రెండు జాతులుగా విడదీస్తే, తర్వాత డీఎన్‌ఏ చూసినవాళ్లు రెంటినీ ఒకటే జాతి అన్నారు. మ్యూజియం సీసాల్లో ఉన్నవాటిని చూసి పేర్లు పెడితే ఇంతే కదా?

మెల్బోర్న్ బావ:
డిస్ట్రక్టర్ అంటే మా దగ్గర అందరూ పట్టే, యాబీ అని పిలిచే క్రేఫిష్. దారానికి మాంసం ముక్క కట్టి చెరువులో వేస్తాం. అది డెక్కలతో పట్టుకున్నాక మెల్లగా పైకి లాగి, అడుగున వల పెట్టాలి. గట్లలో బొరియలు తవ్వి నీళ్లు కారిపోయేలా చేస్తుంది కాబట్టి ‘నాశనం చేసేది’ అనే అర్థమున్న ఆ పేరు దానికి సరిగ్గా సరిపోయింది. సీసాలు మాత్రమే చూసిన మనిషి పెట్టిన పేరులా నాకనిపించదు.

నీలకంఠ:
ఏటిగట్టు గారూ, ఒక్క అల్బిడస్‌తో ఆవిడ పనిని కొలిస్తే అన్యాయం అండి. యూఅస్టాకస్ అనే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) పేరు ఆవిడ పెట్టిందే. తూర్పు ఆస్ట్రేలియా కొండవాగుల్లోని ముళ్ల క్రేఫిష్‌లను ఈనాటికీ ఆ పేరు కిందే చదువుతున్నారు. జియోకారాక్స్ కూడా ఆవిడదే.

అన్నిటికన్నా నాకు ముఖ్యం ఆవిడ పేరు పెట్టిన అస్టకోప్సిస్ గౌల్డీ అనే క్రేఫిష్. టాస్మానియా ఉత్తరాన చల్లని, నీడపట్టు వాగుల్లో, నదుల్లో ఉంటుంది. మంచినీటిలో బతికే వెన్నెముక లేని జీవుల్లో లోకంలోకెల్లా ఇదే పెద్దది. ఆడది గుడ్లు పెట్టే ఈడుకు రావడానికి సుమారు 14 ఏళ్లు పడుతుంది, ఆ తర్వాతా రెండేళ్లకోసారే. పెద్దవాటిని పట్టి తినేస్తే ఆ ఏరు మళ్లీ కోలుకోవడానికి ఎన్నేళ్లు కావాలో ఆలోచించండి. 1998 నుంచి దీన్ని పట్టడం నిషేధం. క్లార్క్‌కు ముందు దీన్ని ఫ్రాంక్లినీ అనే చిన్న జాతితో కలిపే చూసేవారు. వేరే జాతి అని తెలియకపోతే దానికంటూ ఒక చట్టం ఎలా వస్తుంది?

ఏటిగట్టు:
గౌల్డీ విషయం సరే. మరి అల్బిడస్ మాటేమిటి?

నీలకంఠ:
అదీ వృథా పోలేదండి. 1932లో విక్టోరియా నుంచి పశ్చిమ ఆస్ట్రేలియా పొలాల చెరువుల్లోకి తెచ్చి వదిలినవి ఆ అల్బిడస్ రకం యాబీలే. అక్కడి సొంత క్రేఫిష్‌లకు ఇప్పుడు అవి ముప్పు. ఏ రకం ఎక్కడి నుంచి వచ్చిందో ఆనవాలు పట్టాలంటే ఆవిడ రాసిపెట్టిన తేడాలే మొదటి ఆధారం. జాతి అనండి, ఉపజాతి అనండి, ఆ తేడాను ముందు గుర్తించింది ఆవిడే.