దేవుడికి నవ్వొస్తుందా? మా ఇంట్లో తేలని గొడవ

అలిపిరి మెట్లు:
నిన్న ఇంట్లో సత్యనారాయణ వ్రతం. ఐదో కథ జరుగుతుండగా అయ్యవారి చేతిలో గంట నాలుక ఊడి, టప్పుమని పంచామృతం గిన్నెలో పడింది. మా ఏడేళ్ల పాప పకపకా నవ్వేసింది. మా నాయన కోపంతో దాన్ని లేపి వరండాలో కూర్చోబెట్టాడు, దేవుడి ముందర ఇకిలింపులేంది అని. ప్రసాదం కూడా అందరికీ పెట్టాక చివర్లో పెట్టారు. రాత్రి పడుకునే ముందు పాప అడిగింది, "సామికి నవ్వు రాదా నాన్నా?" అని. నాకు జవాబు తోచలేదు. మీరు చెప్పండి.

గుంటవీధి కుర్రోడు:
రాకపోవడమేంది అన్నా, మన తిరుమల కొండ మీద సామి అంత సరదా మనిషి ఇంకెవరున్నారు? సామి భక్తుడు హాథీరాంజీ బావాజీ మఠానికి రాత్రిపూట వచ్చి పాచికలాడి, ఓడిపోయి, మెడలో నగ అక్కడే వదిలేసి పోయాడంటారు. తెల్లారి బావాజీ మీద దొంగతనం మోపితే, గదినిండా చెరకు వేసి తలుపు మూశారు, రాత్రికల్లా తిని నిజం నిరూపించుకో అని. ఏనుగై వచ్చి ఆ చెరకంతా నమిలిందెవరు? ఈ కథ చెప్పేటప్పుడు మా అవ్వ ప్రతిసారీ నవ్వేది. మహాద్వారం దాటేటప్పుడు గోడకున్న గునపం చూడండి. చెరువు తవ్వుతున్న అనంతాళ్వారు దంపతులకు సాయం చేద్దామని సామి పిల్లోడి రూపంలో వచ్చి తట్ట మోశాడు. వద్దన్నా వినలేదు, గడ్డానికి గునపం దెబ్బ తిన్నాడు. అందుకే ఇప్పటికీ గడ్డానికి కర్పూరం. ఇది చిలిపితనం కాదా?

కాణిపాకం రోడ్డు:
గునపం తగిలి గడ్డం పగిలింది, రక్తం కారింది. తర్వాత గుడిలో విగ్రహానికి అదే చోట రక్తం చూసి అనంతాళ్వారు కుమిలిపోయాడు. ఇందులో నవ్వు ఎక్కడుంది తమ్ముడూ? దెబ్బ తిన్న కథను సరదా కథ చేశావు. నవ్వు సంగతి కావాలంటే మా ఊరి పక్కన కాణిపాకంలో ఉన్న స్వామి కథే ఉంది. పొట్ట నిండా తిని, తల్లిదండ్రులకు దండం పెట్టలేక అవస్థ పడుతున్న వినాయకుణ్ణి చూసి చంద్రుడు నవ్వాడు. పార్వతి శపించింది. ఏటా చవితి రోజు ఇంటింటా చదువుకుంటాం కదా. దేవుణ్ణి చూసి నవ్వితే ఏమవుతుందో పిల్లలకు చెప్పే కథ అదే.

మామిడితోట:
గడ్డానికి పెట్టేది పచ్చకర్పూరం. హారతి కర్పూరం కాదు.

చిత్తూరు సువార్త:
మా బైబిల్లో శారాకు 90 ఏళ్లప్పుడు కొడుకు పుడతాడని దేవుడంటే, గుడారంలో లోలోపల నవ్వుకుంది. తర్వాత భయపడి నేను నవ్వలేదంది. లేదు, నవ్వావు అన్నాడు దేవుడు. అయినా శపించలేదు, కొడుకునిచ్చాడు. ఆ బిడ్డ పేరు ఇస్సాకు. ఆ పేరుకు అర్థమే నవ్వు.

గుంటవీధి కుర్రోడు:
చూశారా! కాణిపాకం అన్నా, మీరు గునపం పట్టుకునే కూర్చున్నారు, చెరకు కథకు జవాబే చెప్పలేదు. అయినా నవ్వంటే మీకెందుకంత పడదు? మే నెలలో మా తిరుపతి గంగమ్మ జాతరకు రండి. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, రోజుకో వేషం. నేను పోయిన ఏడు తోటి వేషం కట్టాను. ఒళ్లంతా బొగ్గు పూసుకుని, తలకు వేపమండలు చుట్టుకుని, దారిలో కనబడినోళ్లందరినీ నోటికొచ్చినట్టు తిట్టుకుంటా పోయాను. పెద్ద పెద్ద ఆఫీసర్లు కూడా నవ్వుతా నిలబడి తిట్టించుకున్నారు. బూతులు విని మురిసిపోయే తల్లి అమ్మ. ఆమెకు నవ్వు తెలియదంటారా?

కాణిపాకం రోడ్డు:
అడిగావు కాబట్టి చెప్తాను. మా తాత మా ఊరికి తోటి. వేషం కాదు, పని. దండోరా వేసేవాడు, చచ్చిన గొడ్డును ఊరి బయటికి లాగేవాడు, గుడి మెట్టు ఎక్కే హక్కు లేదు. ఆయన్ని ఏడాది పొడుగునా తిట్టారు. ఏ రోజూ ఎవరూ మొక్కు అనుకోలేదు. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు ఒకసారి తిరుపతిలో జాతర చూడటానికి వచ్చాను. బొగ్గు పూసుకున్న వాడొకడు మా తాత నడిచినట్టే వంగి వంగి నడుస్తున్నాడు, వీధి వీధంతా కడుపు పట్టుకుని నవ్వుతోంది. నేను బస్సెక్కి చిత్తూరు వచ్చేశాను. తెల్లారి నువ్వు స్నానం చేస్తే బొగ్గు పోయింది తమ్ముడూ. మా ఇంటికి అంటుకున్న ఆ పేరు ఇప్పటికీ పోలేదు. దేవుడికి నవ్వొస్తుందో రాదో నాకనవసరం. ఎవరి మీద నవ్వుతున్నారన్నది నాకు కావాలి.

మామిడితోట:
ఇన్ని రోజుల నుంచి మాట్లాడుకుంటున్నాం, ఇది ఎప్పుడూ చెప్పలేదేంది అన్నా.

గుంటవీధి కుర్రోడు:
అన్నా, ఇది చదివాక గంట సేపు ఏం రాయాలో తెలియలేదు. నాకు మూడేళ్లప్పుడు అమ్మవారు పోసి, బతకనని వదిలేశారంట. మా అమ్మ మొక్కుకుంది, ఏటా వేషం కట్టిస్తానని. అందుకు కడతాను, నవ్వించడానికి కాదు. అయినా ఆడపిల్లల్ని చెరపట్టే పాలెగాణ్ణి వెతకడానికి అమ్మే రోజుకో రూపం వేసింది, అందులో తోటి రూపం కూడా ఉంది. తోటి తక్కువ అయితే తల్లి ఎందుకు వేస్తుంది? అది నేను వదులుకోను. కానీ ఆ వంగి నడవడం నేనూ చేశాను. ఎవరూ నేర్పలేదు, అందరూ చేస్తారని చేశాను.

కాణిపాకం రోడ్డు:
అమ్మ వేసింది పాలెగాడి తల తీయడానికి. వీధి నవ్వింది తోటిని చూసి. ఈ రెండూ ఒకటని నువ్వు అంటున్నావు, నేను ఒప్పుకోను. మొక్కు తీర్చుకో, వద్దనలేదు.

అలిపిరి మెట్లు:
అన్నలూ, మా పాప విషయం మరిచిపోయారు. ఈ రోజు పొద్దున కూడా దేవుడి గదిలోకి రానంది. గడప దగ్గరే నిలబడి దండం పెట్టుకుని బడికి పోయింది.

కాణిపాకం రోడ్డు:
పాప నవ్వింది గంట ఊడినందుకు, అయ్యవారిని చూసి కాదు. చంద్రుడి కథ ఇక్కడికి తేవడం నాదే తప్పు. సాయంత్రం మీ నాయన చేతనే పిలిపించండి. అరటిపండో, చక్కెరో, ఈసారి ముందు ఆ బిడ్డ చేతిలో పెట్టమనండి.