టీమ్ సైకాలజిస్ట్‌తో చెప్పుకున్నది కోచ్‌కి తెలియాలా?

ఎనిమిదో లేన్:
సూటిగా అడుగుతున్నా. టీమ్‌తో ఉండే సైకాలజిస్ట్‌కి మనం చెప్పుకున్నది కోచ్ చెవిన పడాలా, వద్దా? నేను ఈత పోటీల్లో ఉన్న రోజుల్లో పొద్దున్నే ఒక ఫారం ఇచ్చేవాళ్లు, నిద్ర ఎలా పట్టింది, టెన్షన్ ఎంతుంది, పదికి ఎన్నో వేయమని. నిద్రకి ఎనిమిది, టెన్షన్‌కి రెండు. నాదే కాదు, అందరిదీ అదే లెక్క. తెల్లవారుజామున మూడింటిదాకా కళ్లు తెరుచుకుని పడుకున్న రోజు కూడా ఎనిమిదే వేశాను, ఎందుకంటే మధ్యాహ్నానికల్లా ఆ కాగితాలు రిలే టీమ్‌ని ఎంపిక చేసే ఆయన టేబుల్ మీద ఉండేవి.

కోచ్ కుర్చీ:
మీ బాధ అర్థమైంది గానీ, మోకాలు నొప్పయితే ఫిజియో వచ్చి నాకు చెప్తాడు, దానికెవరూ ఏమీ అనుకోరు కదా. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్, పరిగెత్తి వచ్చి బల్ల మీద చేతులానించి ఎగిరే వాల్ట్‌లో రెండున్నర మెలికలు తిరగాల్సింది ఒకటిన్నరతో దిగింది, గాల్లో తను ఎక్కడుందో తనకే తెలియలేదు. అలాంటి పిల్లని నేను తెలియక మళ్లీ ఎక్కించి, మెడ విరిగితే ఎవరిని అడుగుతారు?

ఎనిమిదో లేన్:
ఆమె తనే చెప్పి తప్పుకుందండీ. అప్పటికే ఆమె బైల్స్ కాబట్టి చెప్పగలిగింది. టీమ్‌లో ఆఖరి చోటు కోసం కొట్టుకునే అమ్మాయి చెప్తుందా? మోకాలు ఆరు వారాల్లో తగ్గిందంటే నమ్ముతారు, మనసు సంగతి ఒక్కసారి ఫైల్లో పడితే "ప్రెషర్ తట్టుకోలేడు" అన్న ముద్ర పోదు.

స్టాండ్స్‌లో ఒకడు:
డబ్బూ పేరూ వస్తుంటే టెన్షన్ ఉండదా? తట్టుకోలేకపోతే మానేయాలి. 2021 ఫ్రెంచ్ ఓపెన్‌లో టెన్నిస్ ప్లేయర్ నవోమి ఒసాకా ప్రెస్‌తో మాట్లాడనందుకు 15,000 డాలర్ల జరిమానా వేశారు, రూల్ అంటే రూలే.

రిటైర్డ్ గోల్‌కీపర్:
ఒలింపిక్స్‌లో 23 స్వర్ణాలు గెలిచిన ఈతగాడు ఫెల్ప్స్, ఒక దశలో బతకాలని కూడా లేదని తనే చెప్పాడు. ఇంకెన్ని గెలిస్తే తట్టుకున్నట్టు?

అసలు విషయానికొస్తే, ఇక్కడ రెండు పనులు కలిపేస్తున్నారు. పెనాల్టీకి ముందు ఊపిరి ఎలా వదలాలి, చూపు ఎక్కడ పెట్టాలి, ఇవి కోచ్ ఎదురుగానే నేర్పొచ్చు, నాకూ అలాగే నేర్పారు, పనికొచ్చింది. ఆ పెనాల్టీ వదిలేశాక పది రోజులు అన్నం సయించక, గ్లవ్స్ ఉన్న బ్యాగ్ జిప్ తీయడానికే భయమేస్తే, అది వైద్యం. రెండూ ఒకే మనిషికి, అదీ టీమ్ జీతం తీసుకునే మనిషికి అప్పగిస్తే ఎవరు నోరు విప్పుతారు? వైద్యం చేసేవాళ్లు బయటి మనిషై ఉండాలి. కోచ్‌కి అందేది ఒక్క ముక్కే: ఈ రోజు దిగొచ్చు, లేదా దిగకూడదు. ప్రాణం మీదకొచ్చే సంగతైతే వేరు.

కోచ్ కుర్చీ:
కారణం తెలియకుండా ఒక్క ముక్కతో టీమ్ ఎలా కూర్చమంటారు? నెలపాటు "దిగకూడదు" అనే వస్తే?

రిటైర్డ్ గోల్‌కీపర్:
తొడ కండరం చిరిగినా నెల ఆగుతారుగా.

ఎనిమిదో లేన్:
కోచ్ గారూ, ఒకటడగనా? ఆ ఫారాలు ఇప్పటికీ మీ దగ్గరికే వస్తాయా?

కోచ్ కుర్చీ:
వస్తాయి. ఇప్పుడే తీసి చూశాను, ఈ వారానివి. మీరన్నట్టు ఎనిమిదులే. ఆపేస్తానని మాటివ్వలేను, పైవాళ్లు అడుగుతారు. కానీ వీటిని చూసి టీమ్ ఎంచానని ఇక చెప్పుకోలేను.