ఓపీజీ: ఒకే సెట్టింగు అందరికీ ఎందుకు కుదరదు?

ప్రశ్న – ఎక్స్‌రే టెక్నీషియన్, జగిత్యాల

మా డయాగ్నస్టిక్ సెంటర్లో ఓపీజీలు (పళ్ళు, దవడలు అన్నీ ఒకే ఫిల్మ్‌లో వచ్చే ఎక్స్‌రేలు) నేనే తీస్తాను. మెషిన్ బిగించడానికి వచ్చిన ఇంజనీరు చూపించిన సెట్టింగే అందరికీ వాడుతున్నాం. మామూలు పలువరస ఉన్నవాళ్ళకు బాగానే వస్తోంది. ఎత్తుపళ్ళ వాళ్ళకు మాత్రం ముందు పళ్ళు మసకబారుతున్నాయి. నడుం వంగిన పెద్దవాళ్ళకు నట్టనడుమ తెల్లటి పట్టా పడుతోంది. గుట్కా వల్ల నోరు సరిగ్గా తెరుచుకోని వాళ్ళకు బైట్ బ్లాక్ (ముందు పళ్ళతో కొరికి పట్టుకునే, గాడి ఉన్న ముక్క) పెట్టడమే కష్టంగా ఉంది. మళ్ళీ తీయమంటే పేషెంటుకు మళ్ళీ రేడియేషన్ డోసు ఇచ్చినట్టే కదా, అది నాకు ఇష్టం లేదు. కేవీ, ఎంఏ (కిరణాల శక్తి, మోతాదు) పెంచితే సరిపోతుందా?

జవాబు – ఓరల్ రేడియాలజిస్ట్, గుంటూరు

కేవీ పెంచితే మసక పోదండీ. మసకకు కారణం వేరు.

ఓపీజీ మెషిన్ తల చుట్టూ తిరుగుతూ గుర్రపు లాడం ఆకారంలో ఉన్న ఒక్క పొరనే స్పష్టంగా పట్టుకుంటుంది. ఆ పొరకు ముందూ వెనకా ఉన్నదంతా చెదిరిపోతుంది. దవడ పళ్ళ దగ్గర పొర వెడల్పుగా ఉంటుంది కాబట్టి కాస్త అటూ ఇటూ అయినా చెల్లుతుంది. ముందు పళ్ళ దగ్గర అది చాలా సన్నం. ఫిన్లండ్‌లో పాటెరో అనే దంతవైద్యుడు ఈ పద్ధతిని రూపొందించిన కాలం నుంచి ఆ పొర సగటు దవడను బట్టే ఉంటోంది. మన ముందు నిలబడే మనిషి సగటు మనిషి కాకపోవచ్చు. అందుకే తలను సరిగ్గా నిలపడానికి వాడే లేజర్ లైన్లు వెలిగించక ముందే పేషెంటును పక్క నుంచి ఒకసారి చూడండి: పెదవులు ఎంత ముందుకున్నాయి, గడ్డం ఎంత వెనక్కుంది, మెడ ఎలా ఉంది.

ఎత్తుపళ్ళ వాళ్ళ పై పళ్ళను బైట్ బ్లాక్ గాడిలో పెడితే కింది పళ్ళు గాడికి వెనకే ఉండిపోతాయి. పొరకు వెనక ఉన్నవి వెడల్పుగా, మసకగా వస్తాయి. ముందున్నవి సన్నగా, నొక్కేసినట్టు వస్తాయి. ఫిల్మ్‌లో ఏ వరుస వెడల్పయిందో, ఏది సన్నబడిందో చూస్తే తప్పు ఎటువైపో తెలిసిపోతుంది. కింది దవడను ముందుకు జరపమనండి, చాలామంది జరపగలరు. జరపలేకపోతే రెండు వరుసలూ ఒకే ఫిల్మ్‌లో స్పష్టంగా రావు. అప్పుడు పంపిన డాక్టరుకు ఫోన్ చేసి పై దవడ కావాలా, కింది దవడ కావాలా అని అడగండి. ఆ వరుసను గాడిలో పెట్టి తీయండి, రెండోది మసకబారుతుందని రిపోర్టులో ఒక వాక్యం రాయండి. ఈ ఒక్క ఫోన్‌తో చాలా రిపీట్లు తప్పుతాయి. ఇంకో సంగతి. ముందుకు వాలిన పళ్ళకు కొసలు గాడిలో ఉన్నా వేళ్ళు వెనక్కి ఉంటాయి. వేరు చివర చీము చూడాలని డాక్టరు అడిగితే ఆ పంటికి చిన్న ఫిల్మ్ విడిగా తీయడమే మేలు.

జవాబు – సీనియర్ రేడియోగ్రాఫర్, విశాఖపట్నం

మేడమ్ గారు పొర సంగతి చెప్పారు, నేను మెడ సంగతి చెబుతాను. ఆ తెల్లటి పట్టా వెన్నుపూస నీడ. మెడ ముందుకు వాలి, వెన్ను కుదించుకున్నప్పుడు ఎముక నీడంతా ముందు పళ్ళ మీద పడుతుంది. వయసులో ఉన్నవాళ్ళను హ్యాండిళ్ళు పట్టుకుని ఒక అడుగు ముందుకు వేయమంటే మెడ దానంతట అదే నిటారుగా సాగుతుంది. గూని ఉన్న పెద్దవాళ్ళను అలా నిలబెట్టకండి, పడిపోతారు. స్టూలు మీద కూర్చోబెట్టి మెషిన్‌నే వాళ్ళ ఎత్తుకు దించండి. అయినా మెడ సాగకపోతే అప్పుడు కేవీ ఒక మెట్టు పెంచండి. మీరు అడిగిన కేవీ పనికొచ్చేది ఇక్కడే.

మెడ పొట్టిగా, భుజాలు వెడల్పుగా ఉన్నవాళ్ళకు మెషిన్ భుజానికి తగిలి ఆగిపోతుంది. ముందు రేడియేషన్ లేకుండా టెస్ట్ రన్ తిప్పి చూడండి. తగిలితే చేతులు కిందికి వదిలేసి భుజాలు దించమనండి.

గడ్డం విషయానికొస్తే, కంటి గుంట కింది అంచు నుంచి చెవి రంధ్రం దాకా ఉన్న గీత నేలకు సమాంతరంగా ఉండాలి. గడ్డం పైకెత్తితే అంగిలి ఎముక పై పళ్ళ వేళ్ళ మీద పడి, పలువరస బల్లపరుపు అవుతుంది. దించితే పలువరస బాగా వంగి నవ్వు ముఖంలా వస్తుంది, కింది ముందు పళ్ళ వేళ్ళు చెదురుతాయి. నాలుకను అంగిలికి ఆనించమని చెప్పడం మరవకండి. మధ్యలో ఖాళీ ఉంటే పై పళ్ళ వేళ్ళ మీద నల్లటి చార పడుతుంది.

ప్రశ్న – అదే టెక్నీషియన్

చాలా థ్యాంక్స్ సార్, మేడమ్ గారూ. గుట్కా వాళ్ళ సంగతి, చిన్నపిల్లల సంగతి కూడా చెప్పండి. ఆడవాళ్ళు పుస్తెలు తీయనంటే ఏం చేయాలి? కొందరు మెడకు థైరాయిడ్ కాలర్ (కిరణాలను ఆపే పట్టీ) కట్టమని కూడా పట్టుబడుతున్నారు.

జవాబు – ఓరల్ రేడియాలజిస్ట్, గుంటూరు

నోరు బిగుసుకుపోయిన వాళ్ళకు బైట్ బ్లాక్‌ను బలవంతంగా తోయకండి, వాళ్ళకు అది చాలా నొప్పి. చిన్ రెస్ట్ (గడ్డం ఆనించే ఆసరా) పెట్టి, పళ్ళ మధ్య సన్నటి దూది చుట్ట పట్టినంత పెట్టండి. అదీ పట్టకపోతే ఫిల్మ్‌లో పై పళ్ళు, కింది పళ్ళు ఒకదానిమీద ఒకటి పడతాయి, ఆ మాట కూడా రిపోర్టులో రాయండి. పళ్ళు లేనివాళ్ళకూ చిన్ రెస్టే. కట్టుడు పళ్ళు మాత్రం తప్పక తీయించాలి.

పిల్లలకు చైల్డ్ మోడ్ ఉంటే తప్పక వాడండి. దవడ వంపు చిన్నదవుతుంది, కిరణాలు పడే మేర, సమయం రెండూ తగ్గుతాయి.

థైరాయిడ్ కాలర్ వద్దు. కిరణాలు మెడ వెనక నుంచి కింద నుంచి పైకి వస్తాయి కాబట్టి కాలర్ అడ్డొచ్చి కింది దవడ మధ్యభాగం కనిపించదు. మళ్ళీ తీయాల్సి వస్తే డోసు రెండింతలవుతుంది. ఒక ఓపీజీకి సాధారణంగా కొన్ని మైక్రోసీవర్ట్ల (రేడియేషన్ డోసు కొలత) నుంచి 25 వరకు పడుతుంది. ప్రకృతి నుంచి ఏడాదికి మనకు వచ్చేది సుమారు 2400 మైక్రోసీవర్ట్లు. అంకెలు చూపి చెబితే పేషెంట్లు వింటారు.

జవాబు – సీనియర్ రేడియోగ్రాఫర్, విశాఖపట్నం

దిద్దులు, ముక్కుపుడక, జడ పిన్నులు తీయించండి. చెవి కమ్మ నీడ ఎదుటి వైపు కాస్త పైన, మసకగా పడి డాక్టరును తికమక పెడుతుంది. పుస్తెల సంగతి మర్యాదగా చెప్పాలి. పసుపుతాడు నూలు కాబట్టి ఎక్స్‌రేలో కనిపించదు, ఛాతీ మీది పుస్తెలకు కిరణాలు అందవు. ఇబ్బంది బంగారు గొలుసుతోనే, అది మెడ వెనక కిరణాలకు అడ్డం పడుతుంది. మా సెంటర్లో పసుపుకొమ్ము కట్టిన పసుపుతాడు ఒకటి సిద్ధంగా ఉంచుతాం. ముందు అది కట్టుకుని, ఆ తర్వాత గొలుసు తీసి తోడు వచ్చినవాళ్ళ చేతికిస్తారు. మా దగ్గర ఇంతవరకు ఎవరూ కాదనలేదు.