పాడ్‌కాస్ట్ ఎపిసోడ్ల కింద పెట్టిన లింకులు ఓపెన్ అవ్వట్లేదు, ఏటి చెయ్యాల?

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

అందరికీ నమస్తే. మేం నలుగురం కలిసి సిక్కోలు నుంచి ఒక పాడ్‌కాస్ట్ నడుపుతున్నాం, డబ్బుల్లేవు యాడ్సూ లేవు, ఊళ్ళ కబుర్లు, పెద్దోళ్ళ జ్ఞాపకాలు, చేతిపనులు, ఇలాంటివే. ప్రతి ఎపిసోడ్ కింద ఫొటోలు, పాత పేపర్ కటింగులు, చదవాల్సిన పేజీల లింకులు పెడతాం. మొన్న ఒకావిడ మెసేజ్ పెట్టేరు, పొందూరు ఖద్దరు ఎపిసోడ్‌లో వాలుగ చేప దవడతో పత్తి శుభ్రం చేస్తారని చెప్పేరు కదా, ఆ దవడ ఫొటో చూద్దామని నొక్కితే రావట్లేదండీ అని. నేనూ నొక్కేను, పర్మిషన్ లేదంటాది. కంగారొచ్చి మొదటి ఎపిసోడ్ నుంచి కూర్చుని చూస్తే సగానికి సగం అంతే.

విషయం ఏటంటే మా టీంలో కుర్రోడు అవన్నీ తన కాలేజీ మెయిల్ డ్రైవ్‌లో పెట్టేడు, చదువైపోయింది, కాలేజీవాళ్ళు మెయిల్ తీసీసేరు, దాంతోపాటు ఫోల్డరూ పోనాది. వాడి తప్పు కాదు పాపం, దాన్లో స్పేస్ ఎక్కువుందని పెట్టమన్నది మేమే. ఇంక ఈ-పేపర్ లింకులు నొక్కితే లాగిన్ అడుగుతున్నాయి. ఇకముందైనా పోకుండా ఎలాగ దాచుకోవాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

కీబోర్డు కిష్టుడు

ముందు వెబ్ పేజీల సంగతి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌వాళ్ళ వేబ్యాక్ మెషిన్ ఉంది కదా, దాన్లో 'సేవ్ పేజ్ నౌ' అని ఉంటాది, లింకు అక్కడ పేస్ట్ చేస్తే ఆ రోజు పేజీ ఎలాగుందో అలాగే కాపీ తీసి దానికో అడ్రస్ ఇస్తాది. ఎపిసోడ్ కింద అసలు లింకూ ఈ కాపీ లింకూ రెండూ పెట్టు. ఇది ఎపిసోడ్ వదిలిన రోజే చెయ్యాలి అన్నా, తర్వాత చూద్దాం అనుకుంటే ఈలోపే పేజీ ఎగిరిపోద్ది. లాగిన్ అడిగే పేజీలు, ఫేస్‌బుక్ పోస్టులు దాన్లో సరిగ్గా పడవు, వాటికి స్క్రీన్‌షాట్ తీసి తేదీతో దాచుకోవడమే.

మీ సొంత ఫొటోలు, కాగితాలు కూడా అదే సైట్‌లో ఎపిసోడ్‌కి ఒక ఐటమ్ చొప్పున ఎక్కించొచ్చు, ఫ్రీయే. ఐటమ్‌కి ఇచ్చే ఐడెంటిఫయర్, అంటే దాని లింకులో వచ్చే పేరు, మాత్రం తర్వాత మార్చలేం, తొందరపడి 'టెస్ట్ 2' అని కొట్టీకు, నేను కొట్టేను, ఇప్పటికీ అలాగే ఉంది.

ఉద్దానం ఊసు

ఎవడు చూస్తాడు భయ్యా అవన్నీ, ఆడియో ఉంటే చాలదేటి

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

చూసేరు కాబట్టే కదా ఆవిడ మెసేజ్ పెట్టేరు 🙂

విజీనారం సౌండు

కిష్టుడు చెప్పింది కరెక్టే గానీ దాని మీదే ఆధారపడిపోకండి, 2024 అక్టోబరులో ఆ సైట్ మీదే ఎటాక్ జరిగి కొన్ని రోజులు అసలు తెరుచుకోలేదు. మూడు కాపీలుండాలి, హార్డ్‌డిస్కు, క్లౌడు ఇలా రెండు రకాల చోట్ల ఉండాలి, ఒకటి వేరే ఊళ్ళో ఉండాలి. నాకిది ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలిసింది, 2018లో తిత్లీ తుపానుకి మా అత్తోరింట్లో రేకులు లేచిపోయి లాప్‌టాపూ బ్యాకప్ హార్డ్‌డిస్కూ రెండూ తడిసీనాయి, రెండూ ఒకే బీరువాలో పక్కపక్కనే పెట్టేను మరి. ఇప్పుడొకటి పలాసలో, ఒకటి విజయనగరంలో.

ఎడిటింగ్ చెయ్యని అసలు రికార్డింగ్ కూడా దాచండి, ఎంపీత్రీ ఒక్కటే ఉంచుకోకండి. కుదించని వేవ్ ఫైల్ స్టీరియోలో గంటకి 600 ఎంబీ చిల్లర అవుద్ది, ఈరోజుల్లో అదో లెక్కా.

ఇంకోటి, ఎపిసోడ్ కింద పది లింకులు పెట్టకండి. మీకో సొంత పేజీ పెట్టుకుని ఎపిసోడ్ కింద దాని లింకు ఒక్కటే ఇవ్వండి. రేపు ఏది పాడైనా ఆ పేజీలో మారిస్తే సరిపోద్ది, పాత ఎపిసోడ్లు ఒక్కోటీ తెరిచి దిద్దక్కర్లేదు. డొమైన్ కొంటే రెన్యువల్ గుర్తుచేసే మెయిల్ ఇద్దరికి వెళ్ళేలా పెట్టండి. డ్రైవ్ కూడా టీం పేరు మీద తీసిన మెయిల్‌లోనే, పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గరా.

లైబ్రరీ అక్క (బొబ్బిలి)

మీరంతా ఎక్కడ దాచాలో చెప్తున్నారు, దాచింది ఏటో రేపు ఎవరికి తెలుస్తాది తమ్ముళ్ళూ? 'ఐఎంజీ 4471' అని ఫొటో ఉంటే పదేళ్ళ తర్వాత మీకే గుర్తుండదు. ప్రతి ఎపిసోడ్ ఫోల్డర్‌లో మామూలు టెక్స్ట్ ఫైల్ ఒకటి పెట్టండి, ఎవరు తీసేరు, ఎప్పుడు, ఏ ఊరు, ఫొటోలో ఎడంపక్క ఎవరు, లింకు చచ్చినా వెతుక్కోడానికి ఆ పేజీ పేరు, పేపరైతే తేదీ, పేజీ నంబరు. ఊరు రాసినప్పుడు మండలంతో రాయండి, జిల్లా ఒక్కటే రాస్తే గందరగోళమే, కొత్త జిల్లాలొచ్చిన 2022 ఏప్రిల్ 4కి ముందు రికార్డు చేసినవాటిలో పాలకొండా రాజాం శ్రీకాకుళం జిల్లాలోనే ఉంటాయి, ఇప్పుడు ఒకటి పార్వతీపురం మన్యంలో, ఇంకోటి మా విజయనగరం జిల్లాలో.

అన్నీ బయట పెట్టీకండి కూడా. ముసలమ్మ నమ్మకంతో పట్టాదారు పాస్‌బుక్ చూపించిందనుకో, దాన్ని ఫొటో తీసి నెట్‌లో పడేస్తారేటి? అలాంటివి టీం దగ్గర విడిగా ఉంచండి. గొంతు ఎక్కడెక్కడ పెడతామో ముందే చెప్పి, వాళ్ళు సరే అన్నది కూడా రికార్డు చెయ్యండి.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

అక్కా దండం, పాస్‌బుక్ మాట నాకు తగిలింది, ఒక ఎపిసోడ్ కింద నిజంగానే అలాంటిదొకటి పెట్టేం, ఇప్పుడే తీసీసేను. టీం మెయిల్ తెరిచేం. దవడ ఫొటో ఆ నేతాయన మనవడి ఫోన్లో దొరికింది గానీ వాట్సాప్‌లో క్వాలిటీ తగ్గి వచ్చింది, పెద్దది చేస్తే పళ్ళు కనిపించట్లేదు, ఆ పళ్ళే కదా దువ్వెనలా పనిచేసేది. ఆదివారం మళ్ళీ పొందూరు వెళ్తున్నాం, ఈసారి డాక్యుమెంట్‌గా పంపించుకుంటాం.