బ్రైటన్‌కి కొత్త, వారాంతాల్లో ఏం చూడాలి?

అందరికీ నమస్కారం. ఈ నెలే వైజాగ్ నుంచి ఇంగ్లాండులోని ఈ సముద్రతీర ఊరికి వచ్చాను, ససెక్స్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ. శని, ఆదివారాలు రూమ్‌లో కూర్చుంటే ఇల్లే గుర్తొస్తోంది. పెద్దగా ఖర్చు లేకుండా ఏం చూడొచ్చో చెప్పండి.

జవాబు 1: తమ్ముడూ, ముందు బీచ్ సంగతి. ఆర్కే బీచ్ అనుకుని చెప్పులు విడిచావంటే రెండడుగులకే కూలబడతావు. అన్నీ గులకరాళ్లే. సముద్రంలోకి వంతెనలా కట్టిన ప్యాలెస్ పియర్ చివరిదాకా ఓసారి నడిచి రా, ఆటలకి మాత్రం డబ్బులు తగలెయ్యకు. చలికాలం పొద్దుగూకే వేళ స్టార్లింగ్ పిట్టలు వేలకొద్దీ పియర్ మీద పొగలా సుడులు తిరుగుతాయి. అది ఉచితం, ఆటలకన్నా బాగుంటుంది.

రాయల్ పెవిలియన్‌కి టికెట్ ఉంది, అయినా ఒక్కసారికి పెట్టొచ్చు. గుమ్మటాలు చూస్తే ఏ నవాబుగారి మహలో అనిపిస్తుంది, కానీ కట్టించుకున్నది ఇంగ్లాండు రాజు నాలుగో జార్జి. 1914 చివర్లో దాన్నే మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన మన సిపాయిలకి ఆసుపత్రి చేశారు. మతాలవారీగా వేరువేరు వంటశాలలు కూడా పెట్టారు. చనిపోయిన హిందూ, సిక్కు సిపాయిల్లో 53 మందిని ఊరి బయట కొండల మీద దహనం చేశారు. ఆ చోట 1921లో తెల్లటి పాలరాతి ఛత్రీ, అంటే గొడుగులాంటి స్మారక మండపం, కట్టారు. ప్యాచమ్ దాకా బస్సు, తర్వాత గొర్రెలు మేసే పచ్చికలో ఎగువకి నడకే. కారు పోదు. నేను ఈ ఊరొచ్చిన నాలుగేళ్లకి గానీ వెళ్లలేదు, ఎవరూ చెప్పలేదు మరి. గోడ మీద చెక్కిన పేర్లన్నీ ఒక్కొక్కటే చదివి వచ్చాను.

జవాబు 2: అన్న చెప్పినవాటికి తోడు, ఈస్ట్‌బోర్న్ వైపు 12 నంబర్ బస్సెక్కు. పైఅంతస్తులో కుడివైపు కూర్చుంటే సముద్రం వెంటే వస్తుంది. సెవెన్ సిస్టర్స్ దగ్గర దిగు. అవి సుద్ద కొండలు, అంచులు చెప్పాపెట్టకుండా విరిగి పడతాయి. సెల్ఫీ కోసం అంచుకి వెళ్లొద్దు. ఇంకోటి, బీచ్‌లో చిప్స్ పొట్లం విప్పేముందు పైకి చూసుకో. ఇక్కడి సీగల్స్ ముందు మన తిరుపతి కోతులు చాలా మర్యాదస్తులు.

అడిగినవాడు: థాంక్యూ అన్నా. ఈ ఆదివారం ఛత్రీకి వెళ్దామనుకుంటున్నా. ఎవరైనా వస్తారా?

జవాబు 1: నేనొస్తా. పులిహోర నాది. వాన పడితే అక్కడంతా బురదే, మంచి బూట్లు కొనుక్కుని రా.