1323లో ఓరుగల్లు పడింది దేవుని తీర్పేనా?

కాజీపేట_పోరడు:
ఆదివారం ఆరాధనల మా దైవజనుడు దానియేలు 2:21 మీద వాక్యం చెప్పిండు. రాజులను దించేది, నిలబెట్టేది దేవుడే అన్నడు. గంతవరకు బాగనే ఉంది. కానీ 1323ల ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ ఓరుగల్లు కోటను పట్టుకునుడు, కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు బందీ అయ్యుడు సుత విగ్రహారాధన మీద వచ్చిన తీర్పే అన్నడు. సగం మంది ఆమెన్ అన్నరు. నాకు మింగుడు పడలే. మీరేమంటరు?

మానుకోట_అన్న:
ఎందుకు పడలే తమ్మీ? దేవుడు యెరూషలేముకు ఒక్కదానికే సార్వభౌముడా? బైబిల్ల ఆమోసు ప్రవక్త గ్రంథం మొదటి రెండు అధ్యాయాలు చదువు. దమస్కు, గాజా, తూరు, మోయాబు... ధర్మశాస్త్రం లేని దేశాలకు సుత తీర్పు చెప్పిండు.

హన్మకొండ_మాస్టర్:
ఆమోసునే చూద్దాం అన్నా. దమస్కు నేరమేంది? గిలాదును ఇనుప పనిముట్లతో నూర్చుడు. అమ్మోనుది గర్భిణుల కడుపులు చీల్చుడు. మోయాబుది ఎదోము రాజు ఎముకలను కాల్చి సున్నం చేసుడు. అన్నీ మనుషుల మీద చేసిన ఘోరాలే, విగ్రహాల ఊసే లేదు. ధర్మశాస్త్రాన్ని విడిచినందుకు తీర్పు పడ్డది యూదాకు, అంటే వాక్యం చేతిల ఉన్నోళ్లకు. (ఈ సంగతి మీద ప్రసంగం విని చాన్నాళ్లయింది.) ఆ లెక్కన 1323ల బోనెక్కాల్సింది కోటను ముట్టడించినోళ్లా, లోపల చిక్కినోళ్లా?

మానుకోట_అన్న:
యెరూషలేమును కూల్చిన బబులోను రాజు నెబుకద్నెజరును యిర్మీయా ప్రవక్త దేవుని సేవకుడన్నడు కదా. కొట్టినోడు చెడ్డోడైతే తీర్పు కాకుండ పోతదా?

హన్మకొండ_మాస్టర్:
పోదు. యెషయా 10ల అష్షూరు రాజ్యం దేవుని చేతి కర్రనే, గర్వపడ్డందుకు ఆ కర్రకు సుత శిక్ష పడ్డది. కానీ యిర్మీయా ముందే చెప్పిండు, సొంత ఊరికి చెప్పిండు, అందుకు బురద గోతిల పడ్డడు. 700 ఏండ్ల తర్వాత మైకు పట్టుకొని పక్కోళ్ల తాతల మీద చెప్పుడు వేరు. పైగా పదిహేనేండ్లు తిరగకముందే ముసునూరి నాయకులు, అంటే ఇక్కడి తెలుగు దొరలే, ఓరుగల్లును మళ్ల గెలిచిండ్రు. అది ఎవరి మీద తీర్పనాలె?

భూపాలపల్లి_అక్క:
రాజుల ముచ్చట పక్కకు పెట్టున్రి. 2023 జులైల మా దిక్కు మోరంచపల్లి ఊరు వరదల మునిగితే మావోళ్లు ఇంటి కప్పెక్కి కూసున్నరు, హెలికాప్టర్లు వచ్చినయి. ఆ వారమే ఒకాయన ఫోన్ చేసి, ‘ఏ పాపమో ఆలోచించుకోండ్రి’ అన్నడు. లూకా 13 చదవలేదేమో. సిలోయములో గోపురం కూలి 18 మంది చచ్చిపోతే, వాళ్లు అందరికన్న పాపులు కారని యేసే చెప్పిండు.

కరీంనగర్_హేతువాది:
అంటే కోర్టుంది, జడ్జి ఉన్నడు, తీర్పు కాపీ మాత్రం ఎవ్వరికీ ఇయ్యరు. గసొంటి కోర్టు ఉంటేంది, లేకుంటేంది?

హన్మకొండ_మాస్టర్:
తేడా ఉంది సార్. మాకంటే దుర్మార్గులైన కల్దీయులతోని, అంటే బబులోనోళ్లతోని, మమ్ముల కొట్టిస్తవా అని హబక్కూకు ప్రవక్త దేవుణ్నే నిలదీసిండు. ఆలస్యమైనా కనిపెట్టుకొని ఉండు అని జవాబొచ్చింది. ఆఖరి తీర్పు ఇంకా ఉందంటే, ఇయ్యాల గెలిచినోడిదే న్యాయమని మేం ఒప్పుకునే పని లేదు.

కరీంనగర్_హేతువాది:
అప్పటిదాంక ఓడినోడు ఏం చెయ్యాలె?

భూపాలపల్లి_అక్క:
దేవునితోని లడాయి పెట్టుకుంటడు. కీర్తనలు తెరువున్రి, ‘ఎన్నాళ్లు ప్రభువా’ అని ఎంతమంది మొత్తుకున్నరో.

మానుకోట_అన్న:
అక్కా, వరద సంగతిల నీ మాటే కరెక్టు. 1323 దగ్గర మాత్రం నేను తగ్గ.