ఎక్స్‌ఎఫ్‌సీఈలో షట్‌డౌన్, రీస్టార్ట్ బటన్లు నొక్కడానికి రావట్లేదు, లాగౌట్ ఒక్కటే పనిచేస్తోంది

ప్రశ్న:
నమస్తే అందరికీ. పాత ల్యాప్‌టాప్‌లో డెబియన్ 12 లినక్స్ వేశాను, బరువు తక్కువుండాలని ముందు బేస్ మాత్రమే వేసి తర్వాత ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌ని రికమెండ్స్ (తోడుగా వేసుకోమని సూచించే ప్యాకేజీలు) ఏవీ లేకుండా ఇన్‌స్టాల్ చేశా, లాగిన్ స్క్రీన్ కూడా పెట్టలేదు, నల్ల స్క్రీన్ మీదే లాగిన్ అయ్యి డెస్క్‌టాప్ తెరవడానికి స్టార్ట్‌ఎక్స్ కొడతా. అంతా బానే ఉంది కానీ లాగౌట్ నొక్కితే వచ్చే విండోలో షట్‌డౌన్, రీస్టార్ట్ రెండూ మసగ్గా ఉంటున్నాయి, నొక్కినా ఏం కాదు. టెర్మినల్‌లో సూడో (అడ్మిన్ హక్కులు) పెట్టి పవర్‌ఆఫ్ కొడితే మాత్రం టక్కున ఆగిపోతోంది. సెట్టింగ్స్ అన్నీ గాలించా, ఎక్కడా ఆప్షన్ లేదు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి ప్లీజ్

జవాబు:
బ్రో సింపుల్, సూడోయర్స్ ఫైల్‌లో (సూడో ఎవరు వాడొచ్చో రాసి ఉండేది) పవర్‌ఆఫ్‌కి నోపాస్‌వర్డ్ పెట్టి ప్యానెల్‌లో ఒక లాంచర్ చేసుకో, ఐపోయింది

ఇంకొకరి జవాబు:
పై పద్ధతి పనైతే చేస్తుంది గానీ అసలు సమస్య అక్కడే ఉండిపోతుందండి. ఆ బటన్లు ఎవరో దాచిపెట్టినవి కావు. ఆ విండో తెరుచుకునేటప్పుడు డెస్క్‌టాప్ వెళ్లి లాగిన్‌డీని (ఎవరు లాగిన్ అయ్యారో చూసుకునేది), పోల్‌కిట్‌ని (ఎవరికి ఏ అనుమతి ఉందో తేల్చేది) అడుగుతుంది, ఈ యూజర్ మెషీన్ ఆపొచ్చా అని. అవి ఊ అంటేనే బటన్ వెలుగుతుంది, కాదంటేనో అసలు జవాబే రాకపోతేనో మసగ్గా ఉంటుంది. అందుకే సెట్టింగ్స్‌లో ఎంత వెతికినా మీకు దొరకలేదు.

ఒక్కటి చెప్పండి, పెన్‌డ్రైవ్ పెడితే ఫైల్ మేనేజర్‌లో నొక్కగానే తెరుచుకుంటోందా, లేక నాట్ ఆథరైజ్డ్ అని తిడుతోందా? తర్వాత టెర్మినల్‌లో లాగిన్‌సీటీఎల్ అని కొట్టి ఏం వచ్చిందో పెట్టండి, దీనికి సూడో అక్కర్లేదు.

ప్రశ్న వేసినవారు:
అవునండీ పెన్‌డ్రైవ్ కూడా నాట్ ఆథరైజ్డ్ అంటోంది, అది వేరే సమస్య అనుకుని ఇక్కడ రాయలేదు. లాగిన్‌సీటీఎల్ కొడితే నో సెషన్స్ అని ఒక్క లైన్ వచ్చింది, అంతే

ఇంకొకరి జవాబు:
అదే విషయం. మీరు ఎదురుగా కూర్చుని లాగిన్ అయినా సిస్టమ్ దృష్టిలో మీ సెషన్ అనేదే లేదు. లాగిన్ అవ్వగానే ఫలానా యూజర్ ఫలానా సీట్‌లో (అంటే ఈ స్క్రీన్, కీబోర్డ్ దగ్గర) ఉన్నాడని లాగిన్‌డీకి చెప్పే పామ్ (లాగిన్‌ని చూసుకునే వ్యవస్థ) మాడ్యూల్ ఒకటుంటుంది, డెబియన్‌లో దాని ప్యాకేజీ పేరు లిబ్‌పామ్ హైఫన్ సిస్టమ్‌డీ. రికమెండ్స్ వద్దన్నప్పుడు ఎగిరిపోయేవాటిలో ఇదొకటి, పోల్‌కిట్‌డీ ఇంకొకటి. ఆ రెండూ ఆప్ట్ కమాండ్‌తో వేసుకోండి, పనిలో పనిగా మేట్ హైఫన్ పోల్‌కిట్ కూడా వేయండి, అది పాస్‌వర్డ్ అడిగే చిన్న విండో కోసం (ఇదెందుకో కింద చెప్తా). వేశాక డెస్క్‌టాప్ మూసి తెరిస్తే సరిపోదు, సెషన్ నమోదయ్యేది లాగిన్ టైంలోనే కాబట్టి ఒకసారి రీబూట్ చేయడం మేలు.

తర్వాత మళ్లీ లాగిన్‌సీటీఎల్ కొడితే మీ యూజర్ పేరు, పక్కన సీట్0 అని కనపడాలి. కనపడి కూడా బటన్లు రాకపోతే ఆ సెషన్ నంబర్ పెట్టి షో హైఫన్ సెషన్ కొట్టి చూడండి, యాక్టివ్ దగ్గర ఎస్, రిమోట్ దగ్గర నో ఉండాలి. ఎక్కడో పాత గైడ్ చూసి స్టార్ట్‌ఎక్స్ వెనకాల వీటీ7 (ఏడో కన్సోల్) అని తగిలించేవాళ్లు ఉన్నారు, వాళ్లు లాగిన్ అయ్యేది ఒక కన్సోల్‌లో డెస్క్‌టాప్ లేచేది ఇంకో కన్సోల్‌లో, దాంతో సెషన్ ఇనాక్టివ్ ఐపోయి ఇలాంటి తిప్పలే వస్తాయి. అలా ఉంటే ఆ ముక్క తీసేయండి చాలు.

ప్రశ్న వేసినవారు:
వచ్చేశాయండీ!! రీబూట్ అవ్వగానే బటన్లు, పెన్‌డ్రైవ్ రెండూ సెట్ అయ్యాయి, చాలా థ్యాంక్స్. లాంచర్ గోల తప్పింది. కానీ ఇప్పుడు అప్పుడప్పుడు షట్‌డౌన్ నొక్కితే పాస్‌వర్డ్ అడుగుతోంది, మామూలుగా అడగట్లేదు, ఇదేంటి మరి

ఇంకొకరి జవాబు:
అప్పుడు ఇంకో యూజర్ కూడా లాగిన్ అయి ఉండుంటారు, ఎస్‌ఎస్‌హెచ్‌లో (వేరే మెషీన్ నుంచి) వచ్చినా లెక్కే. వేరేవాళ్ల పని మధ్యలో ఆగిపోతుంది కదా, అందుకే పోల్‌కిట్ అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. మేట్ పోల్‌కిట్ వేయమన్నది ఇందుకే, అది లేకపోతే పాస్‌వర్డ్ అడిగే దిక్కులేక షట్‌డౌన్ అక్కడే ఆగిపోయేది. మెషీన్ మీ ఒక్కరిదే అయితే ఎట్‌సీ కింద పోల్‌కిట్ హైఫన్ 1 ఫోల్డర్‌లోని రూల్స్ డాట్ డీలో చిన్న రూల్ రాసి తీసేయొచ్చు, నేనైతే కదపను. రాయాలనుకుంటే మాత్రం డెబియన్ 12లో రూల్స్ జావాస్క్రిప్ట్‌లోనే రాయాలి, పాత గైడ్లలో కనిపించే పీకేఎల్ఏ ఫైళ్లు నమ్ముకోకండి.

మరొకరి ప్రశ్న:
మధ్యలో దూరుతున్నా సారీ, నాకు గ్నోమ్ డెస్క్‌టాప్‌లో షట్‌డౌన్ అన్నీ ఉన్నాయి, హైబర్నేట్ ఒక్కటే లేదు, ఇదీ పోల్‌కిట్ వల్లేనా

ఇంకొకరి జవాబు:
చాలావరకు కాదండీ. హైబర్నేట్ అంటే ర్యామ్‌లో ఉన్నది డిస్క్ మీద దాచిపెట్టడం, దానికి సరిపడా స్వాప్ (ర్యామ్‌కి తోడుగా డిస్క్‌లో కేటాయించే చోటు) కావాలి, జడ్‌ర్యామ్ స్వాప్ పనికిరాదు ఎందుకంటే అది మళ్లీ ర్యామ్‌లోనే ఉంటుంది. సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌తోనే బూట్ అవ్వనిచ్చే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే చాలా డిస్ట్రోల్లో కెర్నలే హైబర్నేట్‌ని ఆపేస్తుంది. సిస్ కింద పవర్ ఫోల్డర్‌లో డిస్క్ అనే ఫైల్ ఉంటుంది, దాన్ని క్యాట్ కమాండ్‌తో తెరిచి చూడండి, బ్రాకెట్లలో డిసేబుల్డ్ అని ఉంటే కథ అక్కడే ఆగిందన్నమాట. అలా లేకపోతే స్వాప్ సైజు ఎంతుందో రాస్తూ వేరే పోస్ట్ పెట్టండి, ఇక్కడ రెండూ కలిస్తే తర్వాత వెతుక్కునేవాళ్లకి కష్టం.